అక్షింతలకు బదులు రెండు మాటలు

నా పెళ్లి ఏర్పాట్లన్నీ నేనే చేసుకున్నాను. ఈ సంగతి ఎక్కడైనా మొదలుపెడితే చాలు, మా బంధువుల్లో ఎవరో ఒకరు నవ్వు ఆపుకోలేక పక్కగదిలోకి వెళ్లిపోతారు. మీరు మా బంధువులు కాదు కాబట్టి మొదటినుంచీ చెప్తాను. భయపడకండి, పందిరి కాలిపోలేదు, ఎవరి ప్రాణమూ పోలేదు, పెళ్లి కూడా ఆగలేదు. జరిగిన అనర్థం వేరు. అది రెండూళ్ల జనం ముందు, పట్టపగలు, పూర్తిగా నా తెలివితేటల వల్లే జరిగింది.

అప్పట్లో నేను గుంటూరులో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. శ్రీధర్ అదే కాలేజీలో తెలుగు చెప్పేవాడు. మాది పొదిలి పక్కన పల్లె, మిరప వేసే ఇల్లు. వాళ్లది వినుకొండ అవతల, పత్తి వేసే ఇల్లు. ఇద్దరం ఇష్టపడ్డాం, ఇంట్లో చెప్పాం, రెండిళ్లవాళ్లూ పెద్ద గొడవ లేకుండా ఒప్పుకున్నారు. గొడవ లేకపోవడమే నా కొంప ముంచింది. ఎదిరించడానికి ఎవరూ దొరక్కపోయేసరికి, ఆ వయసులో ఉండే పౌరుషమంతా పెళ్లి ఎలా చేసుకోవాలన్న దాని మీదకి మళ్లింది.

ఆ ఏడు మేమిద్దరం వెళ్లిన పెళ్లిళ్లన్నీ ఒకే పెళ్లిలా ఉన్నాయి. స్టేజీ మీద పొగ వదిలేవాళ్లు, తలమీద డ్రోను తిరిగేది, పంతులుగారు ఫొటోగ్రాఫర్ చెప్పినప్పుడల్లా మంత్రం ఆపి మళ్లీ మొదలుపెట్టేవారు. అక్షింతలు వేసేవాళ్లు ఎడంచేత్తో ఫోను చూసుకుంటూ కుడిచేత్తో విసిరేవాళ్లు. ఒక పెళ్లిలో అవి పెళ్లికూతురి మీద పడకుండా నా జడలో పడ్డాయి. గుంటూరు వచ్చేదాకా దులుపుకుంటూనే ఉన్నాను. బస్సులో శ్రీధర్‌తో అన్నాను.

"మన పెళ్లి ఇలా వద్దు. మన పెళ్లి మనలాగా ఉండాలి."

"మనం ఎలా ఉంటాం?" అన్నాడు.

వారం తిరిగేలోపు ప్లాను తయారైంది.

ఫంక్షన్ హాలు వద్దు, మా పొలంలో వేపచెట్ల కింద. స్టేజీ వద్దు, అందరూ చుట్టూ కూర్చుంటారు, మధ్యలో మేము. పంతులుగారు వద్దు, మా ప్రమాణాలు మేమే తెలుగులో రాసుకుని చదువుతాం. మేళం వద్దు, ఎందుకంటే మేళం ఉంటే మాటలు వినబడవు. ఇక అన్నిటికన్నా గొప్ప ఆలోచన ఒకటి. అక్షింతలు వద్దు. వాటికి బదులు, వచ్చినవాళ్లలో పెద్దవాళ్లు మైకులో మా గురించి రెండు మాటలు చెప్తారు. బియ్యం నేలపాలు కాదు, మనసులో మాట మనసుకి చేరుతుంది. ఇది చెప్పినప్పుడు శ్రీధర్ కళ్లు చెమ్మగిల్లాయి. తెలుగు లెక్చరరు కళ్లు చెమ్మగిల్లాయంటే ఆ ఆలోచనలో ఏదో తేడా ఉందని నాకు అప్పుడే అనుమానం రావలసింది.

అతను ఒక్క తెలివైన మాట మాత్రం అన్నాడు.

"ఆ రెండు మాటలూ తాళి కట్టాక పెడదాం వసూ."

"కట్టాక ఎవరుంటారు? తాళి పడగానే అందరూ భోజనాలకి పరుగెడతారు. ముందే చెప్పించాలి. అప్పుడైతే ఎవరూ కదలరు."

"కదలకపోతే?"

"అదేగా మనకి కావలసింది!"

ఇంత ధీమాగా మాట్లాడిన మనిషిని ఇప్పుడు దొరికితే నాలుగు తగిలించాలని ఉంటుంది. ఏం చేస్తాం, అది నేనే.

మా నాన్న అన్నిటికీ తలూపి, "మీ నాయనమ్మని మాత్రం నువ్వే ఒప్పించుకో" అన్నాడు. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. నన్ను పెంచింది నాయనమ్మే. శ్రీధర్ సంగతి నాన్నకి చెప్పినప్పుడు నా పక్కన నిలబడ్డది కూడా ఆవిడే. మిరపకాయల తొడిమలు తుంచుతూ కూర్చుని ఉండగా వెళ్లి పక్కన కూర్చున్నాను.

"పంతులు లేడంటగా?"

"లేడు నాయనమ్మా."

"మేళం?"

"లేదు."

"తలంబ్రాలు?"

"అవీ లేవు."

"తాళన్నా ఉందా, దానికి కూడా బదులేందన్నా కనిపెట్టావా?"

"ఉంది. పసుపుతాడే."

ఆవిడ తొడిమలు తుంచుతూనే ఉంది.

"సరే పో. ఆ మంత్రాలు నాకూ అర్థం కావు. నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో. ముహూర్తం మాత్రం తప్పకూడదు. మీ అమ్మ పెళ్లికి మగపెళ్లివారమని మేం అలిగి, కూర్చోబెట్టి, గొడవపడి, ముహూర్తం దాటినాక కట్టించాం. మేమే చేశాం ఆ పని. ఆ పిల్ల ఎంతకాలం బతికిందో నీకు తెలుసు."

అమ్మ పోయింది జ్వరంతో. అది నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. క్లాసులో అయితే కారణానికీ కార్యానికీ సంబంధం గురించి గంటసేపు చెప్పేదాన్ని. ఆవిడ మొహం చూసి ఒక్క ముక్క చెప్పలేకపోయాను. ఇన్నేళ్లుగా ఆ తప్పు తనదే అనుకుంటూ ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

"తప్పదు నాయనమ్మా. పదకొండు లోపు తాళి పడుతుంది. నాదీ పూచీ."

"పుస్తె పడిందాకా నేను పచ్చి మంచినీళ్లు కూడా ముట్టను. ముహూర్తం దాటిందో, ఆ రోజుకి ముట్టనే ముట్టను."

ఆవిడకి షుగరు. అన్నమాట వెనక్కి తీసుకునే అలవాటు కూడా లేదు. అయినా నాకు భయం వేయలేదు. తొమ్మిదికి మొదలుపెడితే, మనిషికి రెండు మాటలు చొప్పున ఎంతమంది మాట్లాడినా పదింటికల్లా అయిపోతుందని నా లెక్క. ఫిజిక్స్‌లో రెండు అంటే రెండే.

శుభలేఖలో కింద అందంగా అచ్చు వేయించాం: "అక్షింతలకు బదులు మీ రెండు మాటలు చాలు." నాన్న ఆ శుభలేఖలు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి బొట్టుపెట్టించి పిలిచాడు. ప్రతి ఇంట్లోనూ ఒకే ప్రశ్న.

"మేం కూడా మాట్టాడాలంటగా?"

"అమ్మాయి కోరిక. తప్పకుండా మాట్టాడాలి."

మా వైపు మర్యాద గురించి మీకు తెలియకపోతే ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. భోజనానికి పిలిచి, పక్కవాడికి వడ్డించి మనకి వడ్డించకపోతే ఎంత అవమానమో, ఒకరికి మైకు ఇచ్చి ఇంకొకరికి ఇవ్వకపోతే అంతకు రెట్టింపు అవమానం. నేనేమో ఆ మైకుని శుభలేఖలో అచ్చువేయించి మరీ అందరికీ వడ్డిస్తానన్నాను. రెండూళ్లలోనూ సాధన మొదలైంది. మా పెదనాన్న అయితే రోజూ గుంటూరుకి ఫోన్ చేసేవాడు.

"అమ్మాయ్, వాళ్ల తరఫున ఎంతమంది మాట్టాడతన్నారు?"

"ఎంతమంది అయితే ఏముంది పెదనాన్నా?"

"ఏముందంటావేందే? మన తరఫున ఒకళ్లు తగ్గితే నలుగురిలో తలెత్తుకోగలమా?"

అవతల శ్రీధర్‌కి కూడా వాళ్ల ఇంటినుంచి ఇదే ఫోను వస్తోందట. ఒకరికొకరం చెప్పుకుని, అందరూ ఎంత శ్రద్ధ తీసుకుంటున్నారో అని మురిసిపోయాం.

పెళ్లిరోజు పొద్దున్నే పొలం చూస్తే నాకు నిజంగా గర్వం వేసింది. వేపచెట్ల కింద కుర్చీలు గుండ్రంగా వేశారు. పక్కనే కల్లంలో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. వాటి వెనకాల వంట కోటయ్య పొయ్యిలు వెలిగించాడు. మైకుసెట్ నాగూరు కొమ్మలకి బాక్సులు కట్టి, మైకు నోటి దగ్గర పెట్టుకుని "హలో, హలో" అని ఊరంతా లేపాడు. నాయనమ్మ పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కుర్చీ వేయించుకుంది. పక్కన స్టూలు మీద మంచినీళ్ల గ్లాసు పెట్టించుకుని, దానిమీద మూత పెట్టింది. తాళి పడిన క్షణాన తాగడానికట.

మొదట మా నాన్న మాట్లాడాడు. మా నాన్న సహజంగా మాటలు తక్కువ మనిషి. మైకు పట్టుకుని, నావైపు చూసి, గొంతు సరిచేసుకుని, "మా అమ్మాయి మంచిది. అందరూ భోజనం చేసి వెళ్లండి" అన్నాడు. భోజనం అన్న మాట వినగానే వెనక వరసలవాళ్లు లేచారు. వాళ్లని కూర్చోబెట్టేసరికి కొంత ఆలస్యమైంది. ఆ రోజు మొత్తానికి నేను చెప్పినట్టు మాట్లాడిన మనిషి మా నాన్న ఒక్కడే.

తరవాత మా మావగారు లేచారు. వియ్యంకుడు తక్కువ మాట్లాడాడు కాబట్టి తాము ఎక్కువ మాట్లాడితే బాగుంటుందని అనుకున్నారో ఏమో, వాళ్ల తాతగారు బావి తవ్వించిన దగ్గర మొదలుపెట్టారు. బావిలో నీళ్లు పడేదాకా చాలాసేపు పట్టింది. అప్పటికి శ్రీధర్ మాట అటుంచి, ఆ చెప్తున్న ఆయన కూడా ఇంకా పుట్టలేదు.

వెంటనే మా పెదనాన్న మైకు లాక్కున్నాడు. "బావి గురించి చెప్పారు. సంతోషం. మేము మాత్రం ఏం తక్కువ? మా చేలో ఆరు బోర్లు వేశాం. అందులో నాలుగు ఫెయిలు!" అని, ఆ నాలుగూ ఎందుకు ఫెయిలయ్యాయో, ఏ బోరుకి ఎవరు సలహా ఇచ్చారో పేరుపేరునా చెప్పాడు. సలహా ఇచ్చినవాళ్లు అక్కడే కుర్చీల్లో ఉన్నారు. వాళ్లు ఊరుకుంటారా? తమ వైపు వాదన వినిపించడానికి లేచారు. పెళ్లికూతురి పెదనాన్న పేరు పెట్టి అన్నాక జవాబు చెప్పుకునే హక్కు వాళ్లకి ఉంటుంది కదా.

నేను శ్రీధర్ చెవిలో అన్నాను. "మన గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు."

"అక్షింతలు కూడా మన మీద పడేవి కాదుగా" అన్నాడు.

ఆ తరవాత తెల్లచొక్కా ఆయన ఒకరు వచ్చి మమ్మల్ని మనసారా దీవించారు. కళ్లనీళ్లు పెట్టుకుని, భార్యాభర్తలు ఒకరినొకరు ఎలా చూసుకోవాలో ఎంతో చక్కగా చెప్పారు. ఆ రోజు విన్న వాటిలో అదే మంచి ప్రసంగం. వాళ్ల తరఫు అని మేము, మా తరఫు అని వాళ్లు అనుకున్నాం. ఆయన మా కల్లంలో మిరపకాయలు చూడటానికి వచ్చిన బేరగాడని సాయంత్రం తెలిసింది. జనం వరసలో నిలబడి ఉంటే, సరుకు చూపించే వరస అనుకుని తనూ నిలబడ్డాడట.

ఇక్కడ గొడవ వచ్చింది. ఆయన్ని మా లెక్కలో వేసుకుని, మా తరఫున ఒకరు ఎక్కువ మాట్లాడారని మగపెళ్లివారు పట్టుకున్నారు. సమం చేయడానికి మా మావగారి తమ్ముడు గోవిందయ్యగారు లేచారు. నాకు చినమావయ్య అవుతారు. ఆయన వాళ్ల ఊళ్లో సర్పంచిగా రెండుసార్లు పోటీ చేసి రెండుసార్లూ ఓడిపోయారు. గెలిస్తే మాట్లాడదామనుకున్నదంతా లోపలే ఉండిపోయింది. మైకు చేతికి రాగానే ఆయన మొహం వెలిగిపోయింది.

"సభకు నమస్కారం. ముందుగా..." అని మొదలుపెట్టి, ఒక్కొక్క కుర్చీ వైపూ తిరిగి, వచ్చినవాళ్లందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పసాగారు. పేరు తెలియనివాళ్లని అడిగి తెలుసుకుని మరీ చెప్పారు.

నేను నాన్న చేతి గడియారం వైపు చూశాను. పదకొండుకి ఎంతో దూరం లేదు. నాయనమ్మ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. స్టూలు మీది గ్లాసు వైపు చూడటం లేదు. నా వైపే చూస్తోంది. అరిచి గీపెట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

మామూలు పెళ్లిలో అయితే ఇలాంటి చిక్కే రాదు. పంతులుగారు గడియారం చూసుకుని, చెయ్యెత్తి "గట్టిమేళం" అంటారు. డోలు, సన్నాయి ఒక్కసారి విరుచుకుపడతాయి. ఆ మోతలో ఎంత పెద్దమనిషి మాటైనా వినబడదు. తాళి పడిపోతుంది. గట్టిమేళం ఎందుకు పెట్టారో నాకు సరిగ్గా ఆ క్షణంలో బోధపడింది. అప్పటికే నేను పంతులుగారినీ తీసేశాను, మేళాన్నీ తీసేశాను.

"చప్పట్లు కొట్టు" అన్నాను శ్రీధర్‌తో. "చప్పట్లు కొడితే ఆపుతారు."

ఇద్దరం కొట్టాం. మమ్మల్ని చూసి అందరూ కొట్టారు. చినమావయ్య చెయ్యి ఊపి, "మీ ఉత్సాహం చూస్తుంటే ఇంకా చెప్పాలనిపిస్తాంది" అని, కుర్చీ తెప్పించుకుని కూర్చున్నారు.

శ్రీధర్ వెళ్లి నాగూరుని బతిమాలాడు. "కరెంటు పోయిందని చెప్పి ఆపెయ్."

"కరెంటు పొద్దున్నే పోయిందండీ. బ్యాటరీ మీద నడుస్తాంది. సాయంత్రం దాకా ఏం ఢోకా లేదు" అని నాగూరు మంచివార్త చెప్పినట్టు చెప్పాడు.

మైకు లాక్కోవచ్చుగా అంటారు మీరు. మగపెళ్లివారి పెద్దమనిషి చేతిలోంచి, పెళ్లికూతురు, తాళి పడకముందు! లాక్కుంటే వాళ్లు అలుగుతారు. అలిగితే కూర్చోబెట్టి మాట్లాడాలి. మా అమ్మ పెళ్లికి ముహూర్తం దాటింది సరిగ్గా అలాగే.

అప్పుడే కల్లం వెనకనుంచి పోపు వాసన వచ్చింది. ముందు వరసలో ఎవరో దగ్గారు. చినమావయ్య ఒక్క క్షణం ఆగి, ముక్కు తుడుచుకుని, మళ్లీ అందుకున్నారు. ఆ ఒక్క క్షణం నాకు చాలు. "ఇప్పుడే వస్తా" అని శ్రీధర్‌తో అని, పట్టుచీర కుచ్చిళ్లు పట్టుకుని పొయ్యిల దగ్గరికి పరుగెత్తాను.

వంట కోటయ్య బాణలిలో నూనె కాగుతోంది.

"కోటయ్యా, పోపులో ఎండుమిరపకాయలు కాస్త ఎక్కువ వెయ్యి."

"పప్పు కారమైపోద్దమ్మా."

"పప్పుకి కాదు. వట్టి నూనెలోనే వెయ్యి. అక్కడ ఆయన దగ్గి, మాట ఆపాలి."

కోటయ్య మైకు వైపు చూశాడు, నా వైపు చూశాడు. విషయం అర్థమైంది. "ఆయనొక్కడేనా, అందరూనా?"

ఇక్కడే నేను రెండో పెద్ద తప్పు చేశాను. ఆయన ఆపితే ఇంకొకరు లేస్తారేమో అన్న భయంతో, "అందరూ ఆపాలి" అన్నాను.

కోటయ్య పెళ్లి వంటలవాడు. ఏది చెప్పినా వచ్చిన జనానికి సరిపోను వేయడం అతనికి అలవాటు. పక్కనే మా కల్లం. తట్ట నిండా మిరపకాయలు ఎత్తుకొచ్చి మొత్తం కాగే నూనెలో కుమ్మరించాడు. వద్దు వద్దని నేను అరిచేలోపు నల్లటి పొగ లేచింది. గాలి కూడా ఆ రోజు నా మాట విని వేపచెట్ల వైపే వీచింది.

దగ్గు ముందు వరసలో మొదలై వెనక్కి పాకింది. నిమిషంలో రెండూళ్ల జనం ఒకే గొంతుతో దగ్గారు. ముసలివాళ్లు, పిల్లలు, ఫొటోగ్రాఫరు, బేరగాడు, అందరూ. చినమావయ్య "ఈ సందర్భంగా" అనబోయి "ఈ" దగ్గరే ఆగిపోయి, మైకు వదిలేసి కండువాలో మొహం పెట్టుకున్నారు. కుర్చీలు పడిపోయాయి. చెట్టుకి కట్టిన మా గిత్త కూడా తుమ్మింది.

నేను ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చి, కింద పడిన మైకు తీసుకున్నాను. ఎవరూ మళ్లీ దాన్ని పట్టుకోకూడదని నా భయం. కింద పెడితే లాభం లేదు. దండలు సర్దుకోవాలి, తల వంచాలి, చేతులు ఖాళీ లేవు. అందుకని మైకు చంకలో ఇరికించుకుని, దాని వైరు కాళ్లకి అడ్డం పడకుండా మెడ వెనకనుంచి వేసుకున్నాను.

"కట్టు!" అన్నాను శ్రీధర్‌తో.

"ఏమీ కనబట్టంలేదు వసూ!" కళ్లు మూసుకుని, ధారగా ఏడుస్తూ అన్నాడు.

"కనబడక్కర్లేదు. నేనిక్కడే ఉన్నా. కట్టు!"

"మన ప్రమాణాలు?"

"రేపు చదువుకుందాం!"

నాన్న ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ, ఇంకో చేత్తో తాళి శ్రీధర్ చేతిలో పెట్టాడు. శ్రీధర్ తడుముకుంటూ నా మెడ పట్టుకున్నాడు. చెవి దగ్గర ఒకసారి, జడ దగ్గర ఒకసారి వెతికి, చివరికి ముడి వేశాడు. ఒకటి, రెండు, మూడు. అంత గట్టిగా ఎవరూ ఎప్పుడూ కట్టి ఉండరు. మళ్లీ వేయాల్సి వస్తుందేమోనని భయపడ్డాడట.

"పడిందా?" నాయనమ్మ గొంతు పొగలోంచి వచ్చింది.

"పడింది నాయనమ్మా!"

"ముహూర్తంలోనేనా?"

నాన్న గడియారం ఆవిడ కళ్ల దగ్గర పెట్టాడు. ముహూర్తం ఇంకా ఉంది. నాయనమ్మ గ్లాసు మీద మూత తీసి, నీళ్లన్నీ గటగటా తాగేసింది. తాగి, ఖాళీ గ్లాసు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుంది. "ఇక పర్లా" అంది. నాకు కూడా అప్పుడు దుఃఖం ఆగలేదు. అక్కడ అందరూ ఏడుస్తూనే ఉన్నారు కాబట్టి నాది ఎవరూ ప్రత్యేకంగా గమనించలేదు. మా పెళ్లి ఫొటోలు చూసినవాళ్లు, మీ బంధువులు ఎంత ఆప్యాయులండీ అంటారు.

పొగ తేలిపోయింది. చంకలోంచి మైకు తీసి నాగూరుకి ఇవ్వబోయాను. రాలేదు. గట్టిగా లాగాను. తాడు మెడకి బిగుసుకుంది.

శ్రీధర్ నా వెనక్కి వచ్చి చూశాడు.

"వసూ, మూడు ముళ్లూ మైకు వైరుని కలిపి వేశాను."

ఒక పుస్తె పుట్టింటిది, ఒక పుస్తె అత్తింటిది, మధ్యలో మైకు నాగూరుది. "ఆ చివర పీకెయ్ నాగూరూ" అన్నాడు నాన్న.

"అటు చివర ఊడిపోతాందని ఆంప్లిఫయరుకి టంకం పెట్టేశానండీ. ఇటు చివర టేపు చుట్టేశా. యాడా ఊడదు" అన్నాడు నాగూరు కాస్త గర్వంగా.

"అయితే ముడి విప్పి మళ్లీ వేస్తాను" అన్నాడు శ్రీధర్.

నాయనమ్మ లేచి నిలబడింది. నీళ్లు కడుపులో పడ్డాయేమో, గొంతు బాగా తిరిగొచ్చింది. "పడిన పుస్తె విప్పుతావా? ముహూర్తం ఇప్పుడు దాటిపోయింది. ముడి మీద చెయ్యి పడిందంటే ఊరుకోను!"

"పోనీ వైరు కత్తిరిద్దామమ్మా" అన్నాడు నాన్న.

"కట్టి గడియ కాలా, పుస్తెల దగ్గర కత్తెర పెడతావురా? ఆ వైరు వల్ల దానికొచ్చిన నష్టమేంది? ఉండనీ!"

వేరే దారి లేదు. మెడలో దండ, తాళి, మైకు వేసుకుని, వైరు చివర ఆంప్లిఫయరుకి కట్టేసిన దూడలా అక్కడే నిలబడ్డాను. బాక్సులు ఇంకా ఆన్‌లోనే ఉన్నాయి. నేను ఊపిరి పీల్చినా పొలమంతా వినబడుతోంది. శ్రీధర్‌తో నేను గుసగుసగా "ఇదంతా నీవల్లే" అన్న మాట, కొత్త కాపురంలో నా మొదటి మాట, వేపచెట్టు మీదినుంచి రెండూళ్లకీ వినబడింది.

అప్పుడు చినమావయ్యగారు కండువాతో మొహం తుడుచుకుని, మంచినీళ్లు తాగి, నింపాదిగా నా దగ్గరికి వచ్చారు. ఎర్రబడ్డ కళ్లతో నా మెడకేసి చూశారు. నా భుజం పట్టుకుని మెల్లగా తనవైపు తిప్పారు.

"కాస్త వంగమ్మా కోడలా" అన్నారు. "నా మాట ఇంకా పూర్తి కాలా."

వంగాను. ఆయన తరవాత మా పెదనాన్న, పెదనాన్న తరవాత బోరు సలహాదార్లు. నాయనమ్మ భోంచేసి కునుకు తీసేదాకా, నాగూరు దొంగచాటుగా వచ్చి వైరు తుంచేదాకా, రెండూళ్ల పెద్దలూ ఒకరి తరవాత ఒకరు నా మెడ దగ్గర నోరు పెట్టి మమ్మల్ని దీవించారు. అంత దగ్గరనుంచి దీవెనలు అందుకున్న పెళ్లికూతురు ఈ చుట్టుపక్కల ఇంకొకతె ఉండదు.

కాబట్టి ఇంతవరకూ ఓపిగ్గా చదివిన మీ అందరి ఎదుటా నిష్ఠగా ప్రమాణం చేస్తున్నాను. ఇకముందు పెళ్లంటూ చేసుకుంటే ఫంక్షన్ హాల్లోనే చేసుకుంటాను. పంతులుగారిని పిలిపిస్తాను. చెవులు చిల్లులు పడేంత పెద్ద మేళం పెట్టిస్తాను. వచ్చినవాళ్లెవరినీ నోరు తెరవనివ్వను.

ఇదంతా రాసి, తప్పులుంటే దిద్దమని మావారికి ఇచ్చాను. తెలుగు లెక్చరరు కదా. ఆయన మొదటినుంచీ చివరిదాకా నవ్వకుండా చదివారు. అక్షరదోషాలు ఏమీ దొరకలేదు. ఈ ఆఖరి ప్రమాణం దగ్గర మాత్రం ఆగి, "ఇకముందు పెళ్లంటూ చేసుకుంటే" అన్న మాటల కింద ఎర్రసిరాతో రెండు గీతలు గీసి, పక్కన పెద్ద ప్రశ్నార్థకం పెట్టి తిరిగిచ్చారు.